నూటికి ముప్పై ఒకటి

నా డైరీల్లో ప్రతి పేజీ పైనా రెండు అంకెలుంటాయి. ఒకటి పొద్దున ఆరింటి ఉష్ణోగ్రత, రెండోది మధ్యాహ్నం రెండింటిది. సూర్యాపేటలో మా ఇంటి వెనక గోడకు, ఎండ తగలని చోట, ఒక థర్మామీటర్ వేలాడుతుంటుంది. ఉద్యోగం నుంచి దిగిపోయి పన్నెండేళ్లయినా ఈ అలవాటు పోలేదు. "ఎండ కొడుతుందో లేదో ఒంటికి తెలుస్తలేదా, గోడనడగాల్నా" అంటుంది మా ఆవిడ. నిజమే, ఇప్పుడు ఆ అంకెలతో ఎవరికీ పని లేదు. ముప్పై మూడేళ్లు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో నేను చేసిన పని మాత్రం అదే. ఎంత బొగ్గు కాలింది, ఎంత కరెంటు వచ్చింది, మధ్యలో పోయింది ఎటు పోయింది అని రోజూ లెక్కగట్టడం.

పోయిన వేసవిలో ఒక పొద్దున ఆ అంకె రాసుకుంటుండగా ఫోన్ మోగింది. చేసినవాడు బడిలో నా పక్క బెంచీవాడు. తాతల కాలం నుంచి ధాన్యం వ్యాపారం చేసే ఇంటివాడు. మిర్యాలగూడలో వాడికి ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. ఊరంతా వాణ్ని సేటు అంటుంది, నేను తప్ప.

"ఏమ్రా, ఖాళీగున్నవా?"

"డైరీ రాస్తున్న."

"ఏం రాస్తవ్ ఇంకా? నిన్న అన్నం తిన్న, ఇయ్యాల గూడ తింట అనా? జర ఇటు రా. నా బాయిలర్ కాడ దొంగతనమైతుంది. నువ్వొచ్చి లెక్కగట్టి పట్టియ్యాలె."

దొంగ ఎవరని అడిగాను. బాయిలర్ మనిషేనన్నాడు. ఆ మనిషిని నేను రెండు మూడు సార్లు చూశాను. పెద్దవూర దగ్గర ఒక తండా నుంచి వచ్చినవాడు, యాభై దాటి ఉంటాడు, ఆ మిల్లులో పంతొమ్మిదేళ్లుగా బాయిలర్ మండిస్తున్నాడు. బాయిలర్ నడిపే సర్టిఫికెట్ ఉన్నవాడు. నెలాఖరుకు పంపించేస్తానన్నాడు మా వాడు. దొంగ అన్న పేరుతో పంపిస్తే మిర్యాలగూడలో ఇంకే మిల్లూ అతన్ని గేటు లోపలికి రానివ్వదు. ఆ ఊళ్లో మిల్లుల వాళ్లంతా ఒకరికొకరు బంధువులే.

మర్నాడు బస్సెక్కాను. దారి పొడుగునా ఒక పాత సంగతి గుర్తొస్తూనే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మే నెలలో, మా కేంద్రంలో అదే బొగ్గుకు కరెంటు తగ్గింది. ఆ షిఫ్టులో టర్బైన్ దగ్గర ఉన్న ఆపరేటర్ అజాగ్రత్త వల్లనే తగ్గిందని నేను రిపోర్టు రాశాను. ఆయన్ని బదిలీ చేశారు. తర్వాత ఏడాది మే నెలలో, ఆయన లేకుండానే, కరెంటు మళ్లీ అంతే తగ్గింది. ఆవిరిని చల్లార్చే నీళ్లు ఎండకు వేడెక్కడమే కారణమని నాకప్పుడు తెలిసింది. పేజీ పైన ఉష్ణోగ్రత రాయడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. రిపోర్టు రాసిన రోజు డైరీలో "రిపోర్టు ఇచ్చితిని" అని ఒక్క ముక్క ఉంది. దాని కింద తర్వాత నేనేమీ చేర్చలేదు. ఆయన ఎక్కడున్నాడో కనుక్కునే ప్రయత్నమూ చేయలేదు.

మిల్లు యాసంగి వడ్లతో నిండి ఉంది. ఉడికిన వడ్ల పుల్లటి వాసన రోడ్డు మీదికే వస్తుంది. ఆ మిల్లు సంగతి రెండు మాటల్లో చెబుతాను. వడ్లు ఆడగా వచ్చిన ఊకనే బాయిలర్లో కాలుస్తారు. నీళ్లు ఆవిరవుతాయి. ఆ ఆవిరి ముందు ఒక చిన్న టర్బైన్‌ను తిప్పి కరెంటు ఇస్తుంది. టర్బైన్ దాటి బయటికొచ్చిన ఆవిరిని పారబోయరు, ఇంకా వేడిగానే ఉంటుంది గనక దానితో వడ్లు ఉడికిస్తారు, డ్రయ్యర్లలో ఆరబెడతారు.

మా వాడు తన గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించి విషయం చెప్పాడు. సంక్రాంతి తర్వాత నుంచి అంతే ఊకకు కరెంటు ఐదో వంతు తగ్గింది. ఆ సమయానికే కోదాడ నుంచి ఒక ఏజెంటు కొత్త టర్బైన్ అమ్మడానికి వచ్చాడు. ఊక ఎంత, కరెంటు ఎంత అని అడిగి, మీ ఊకలో ఉన్న వేడిలో నూటికి ఏడు పాళ్లే కరెంటవుతోందని లెక్క చెప్పాడు. తన టర్బైన్ పెడితే నలభై వస్తుందన్నాడు.

"నూటికి ఏడు," అన్నాడు మా వాడు. "ఇనుకున్నవా? నేను నూరు కిలోల వడ్లు పోస్తే అరవై ఏడు కిలోల బియ్యం రావాలె. రెండు కిలోలు తక్కువైతే ఎవడు తిన్నడని అడుగుత. మా నాయన గూడ గట్లనే అడిగెటోడు. గిక్కడ తొంభై మూడు పాళ్లు లెవ్వు. ఎవడు తిన్నడు?"

"ఎవడూ తినలేదేమో."

"ఇటుక బట్టీలోళ్లు ఊకకు ఎగబడుతున్నరు. బాయిలర్‌కు పోవాల్సిన ఊక బట్టీకి పోతుంది. వీడు రోజూ మూడు తాపల్ల ఫోన్ మాట్లాడుతడు, వాళ్ల లంబాడీల. మనకు సమజ్ గాకుండా బేరం చేస్తుండన్నట్టు."

నాకు మా వాడి పొరపాటు అక్కడే కనిపించింది. అది మిల్లు పట్టినవాడు మాత్రమే చేయగల పొరపాటు. వడ్లలో బియ్యం ముందే ఉంటుంది, మర పొట్టు తీసి బయట పెడుతుందంతే. తక్కువ వచ్చిందంటే ఎవరో తీశారన్నమాటే. ఊకలోని వేడిలో కరెంటు అట్లా గింజలాగ దాగి ఉండదు. ఈ మాట అప్పుడే చెప్తే వినడని తెలుసు. మూడు రోజులు తూకం వేస్తాను, అప్పటిదాకా అతన్నేమీ అనొద్దన్నాను.

"మూడు రోజులే," అన్నాడు. "నీ రిటైర్మెంటుకు గౌరవమిచ్చి."

మొదటి రోజు ఊకను సంచుల్లో నింపించి, ఒక్కో సంచీ కాటా మీద పెట్టించి, నా కళ్ల ముందే బాయిలర్లో వేయించాను. నాలుగు గంటలు. ఎన్ని కిలోలు కాలిందో, మీటర్లో ఎన్ని యూనిట్లు తిరిగాయో రాసుకున్నాను. ఎందుకు తూకం వేస్తున్నానో బాయిలర్ మనిషికి తెలుసు. సంచీ సంచీకీ కాటా ముల్లు నాకు కనిపించేటట్టు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. మధ్యలో ఫోన్ వస్తే దూరంగా పోయి లంబాడీలో రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు.

"ఏం మాట్లాడినవ్?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"బర్రె ఈనింది సార్. దుడ్డె పుట్టింది. మా ఆడామె జున్ను పాలు పంపిస్త, సేటుకిస్తవా అంటుంది." ఇంకో సంచీ కాటా మీదికి ఎత్తుతూ, "ఇయ్యొద్దని చెప్పిన," అన్నాడు.

లెక్క తేలింది. నా కళ్ల ముందు కాలిన ఊకకు కూడా అంతే కరెంటు వచ్చింది, నూటికి ఏడు. ఊక దారిలో ఎక్కడా పోవడం లేదు. ఈ సంగతి సాయంత్రం మా వాడికి చెప్పాను. వాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దొంగ గాదంటవ్. సరే. అయితే పనిమంతుడు గాదు. సంక్రాంతికి ముందు మంచిగొచ్చిన కరెంటు ఇప్పుడెందుకొస్తలేదు? మంట పెట్టుడు మర్చిపోయిండా?"

అంటే ఆ మనిషి మీది నేరం మారింది, శిక్ష మారలేదు. నేను ఒకప్పుడు రిపోర్టులో రాసిన మాట కూడా ఇదే.

రెండో రోజు మంట చూశాను. పొగ చూశాను, బూడిద చేత్తో నలిపి చూశాను. బూడిద తెల్లగా, నల్ల పలుకు లేకుండా ఉంది. అంత శుభ్రంగా ఊక కాల్చడం తేలిక కాదు. బాయిలర్ నుంచి టర్బైన్‌కు పోయే ఆవిరి మూడు వందల డిగ్రీలుంది, ఉండాల్సినంతే. ఇక్కడిదాకా లోపమేమీ లేదు. ఇక చూడాల్సింది టర్బైన్ అవతలి వైపు. ఆవిరి బయటికొచ్చే గొట్టానికి, ఆవిరి ఒత్తిడి చూపించే గేజీ ఒకటి ఉంది. దాన్ని చూడ్డానికి పోతే పక్కనున్న గోడ మీద బొగ్గుతో గీసిన అంకెలు కనిపించాయి. నడుమెత్తు నుంచి తలెత్తు దాకా, వరుసలు వరుసలుగా. ఏడు వరుసలకొక సున్నా చుట్టి ఉంది.

"ఇవేంటివి?"

"గేజీ సార్. పూటకొక తాప చూసి ఏస్త. సున్నా అంటే ఆయితారం."

"ఎవరు వేయమన్నారు?"

"ఎవరన్లేదు. ఏస్తే మనసు నిమ్మలముంటది."

నేను కుర్చీ తెప్పించుకుని ఆ గోడ ముందు కూర్చున్నాను. నా డైరీలకన్నా శుద్ధంగా ఉంది. కొట్టివేతలు లేవు. ఒక్క పూట కూడా తప్పలేదు. కింది వరుసలన్నిట్లో ఒకటి, ఒకటి, ఒకటి. ఒకచోట చిన్న డబ్బా బొమ్మ గీసి ఉంది. దాని తర్వాత నుంచి అన్నీ రెండున్నరలు.

"ఈ డబ్బా ఏంది?"

"రెండో డ్రయ్యర్ పెట్టిన్నాడు సార్. సంక్రాంతి అయినంక. వడ్లు జల్ది ఆరాలె, ఆవిరి గట్టిగియ్యి అన్నడు సేటు. ఇచ్చిన."

"గట్టిగా ఇస్తే కరెంటు తగ్గుతుందని తెలుసా నీకు?"

"ఎరుకనే. టర్బైన్ సప్పుడు మారింది. చెప్దామని పోయిన. సేటు ఫోన్ల ఉండె. మల్ల పోయిన, మల్ల ఫోన్లనే ఉండె." గోడ వైపు చూస్తూ, "అటెన్క నన్ను ఊక దొంగన్నరు. ఇగ ఏం చెప్పినా తప్పించుకుంటుండు అంటరని ఊకున్న," అన్నాడు.

మూడో రోజు పొద్దున కోదాడ ఏజెంటు కూడా వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి, మాట మెత్తన. మా వాడు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కోళ్ల పందెం చూసేవాడిలాగా వెనక్కి వాలాడు.

"మీరు బాయిలరేం మార్చక్కర్లేదండి," అన్నాడు ఏజెంటు. "ఆవిరి అదే, డ్రయ్యర్లు అవే. టర్బైన్ ఒక్కటి మారిస్తే చాలు, నూటికి నలభై గ్యారంటీ అండి."

"టర్బైన్‌లోకి ఆవిరి మూడు వందల డిగ్రీల్లో పోతుంది. బయటికి ఎంతలో రావాలి?"

"డ్రయ్యర్లకు ఇప్పుడెంత కావాలో అంతలోనే ఇస్తామండి. అందులో లోటుండదు."

నేను కాగితం తీసుకుని మా వాడి వైపు తిరిగాను.

"సాగర్ కాడ కరెంటెట్ల తీస్తరు?"

"నీళ్లు పడితే చక్రం తిరుగుతది. ఇది నాకు చెప్తున్నవా?"

"చక్రం తిప్పిన నీళ్లు ఏమైతయ్?"

"కాల్వకొస్తయ్. మన పొలాలకు పారుతయ్."

"మరి ఆ నీళ్లు ఎవడన్నా తిన్నడా?"

వాడు నా వైపు అనుమానంగా చూశాడు.

వేడి కూడా అట్లాంటిదేనని చెప్పాను. పైన వేడి చోటు ఉండాలి, కింద అంతకన్నా చల్లని చోటు ఉండాలి. పై నుంచి కిందికి పడేటప్పుడే పని చేస్తుంది. కింద వదలకుండా పని చేయించడం ఎవరి తరమూ కాదు. నీళ్లకూ వేడికీ తేడా ఒకటుంది. కాల్వకు వచ్చే నీళ్లు తగ్గవు, వేడిలో మాత్రం పనిగా మారినంత కింద తక్కువ వస్తుంది. అయినా వాడికి కావలసిన చోటికి ఆ పోలిక సరిపోతుంది. ఎంత ఎత్తు నుంచి ఎంత కిందికి పడుతుందన్నదే మొత్తం సంగతి. ఎత్తు కొలవడానికి నిజమైన అడుగు ఎక్కడుందో తెలియాలి. మనం వేడిని నీళ్లు గడ్డకట్టే చోటు నుంచి లెక్కపెడతాం. అసలు అడుగు అక్కడికి ఇంకా రెండు వందల డెబ్బై మూడు డిగ్రీల కింద ఉంది. అక్కడి నుంచి కొలిస్తే ఈ ఆవిరి ఎత్తు ఐదు వందల డెబ్బై మూడు. సంక్రాంతికి ముందు టర్బైన్ నుంచి బయటికొచ్చేది నూట ఇరవై డిగ్రీల్లో, అంటే మూడు వందల తొంభై మూడు ఎత్తులో. మధ్యలో పడింది నూట ఎనభై. ఐదు వందల డెబ్బై మూడులో నూట ఎనభై అంటే నూటికి ముప్పై ఒకటి.

"ముప్పై ఒకటి మంచి టర్బైన్‌కా?" అన్నాడు మా వాడు.

"రాపిడి లేని, కారడం లేని, లోపమే లేని టర్బైన్‌కు. అట్లాంటిది ఇంతవరకు ఎవరూ చేయలేదు, ఇక ముందు కూడా చేయలేరు. అది కూడా ఆవిరిలోకి చేరిన వేడి మీదే. పొగగొట్టంలో పోయేది పోగా లెక్క. నీ టర్బైన్ చిన్నది, పాతది. దానికి ఏడెనిమిదంటే తక్కువేం కాదు. మిగతాదంతా పోలేదురా. వడ్లు ఉడికించింది, ఆరబెట్టింది. నువ్వు బియ్యం తూకమేసి తవుడు లెక్క మరిచిపోయినట్టు చేస్తున్నవ్."

ఆ చివరి మాట వాడికి తగిలింది. తవుడు లెక్క మరిచిపోయే సేటు లేడు.

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "మా కంపెనీ టెస్టులో నలభై వచ్చిందండి."

"వచ్చే ఉంటది," అన్నాను. "ఆవిరిని ఇంకా వేడిగా తీసుకుని, బాగా చల్లటి నీళ్లలోకి వదిలి ఉంటారు. అప్పుడు పడే ఎత్తు ఎక్కువ. ఇక్కడ అట్లా వదిలితే డ్రయ్యర్లకేం మిగులుతుంది? వడ్లు ఎండలో పోసుకోవాలె."

"ఆ పాయింట్ కనుక్కుని చెప్తానండి," అని బ్యాగు సర్దుకున్నాడు. అబద్ధమాడే మనిషిలా నాకనిపించలేదు. ఎవరో ఇచ్చిన అంకెను మోసుకొచ్చాడు.

అతను వెళ్లాక మా వాడు అసలు ప్రశ్నకు వచ్చాడు. "ముప్పై ఒకటి, ఏడు, అన్నీ సరే. తగ్గింది ఎందుకు తగ్గింది?"

"సాగర్ కింద కాల్వ నీటిమట్టం పెంచితే ఏమైతది?"

"పడేది తగ్గుతది. కరెంటు తగ్గుతది."

"ఇక్కడ పెంచింది ఎవరో చూద్దాం రా."

బాయిలర్ గదిలోకి తీసుకుపోయి గోడ చూపించాను. ఒకట్లు, డబ్బా, రెండున్నరలు. గేజీ ఒకటి చూపిస్తే బయటికొచ్చే ఆవిరి నూట ఇరవై డిగ్రీలు, రెండున్నర చూపిస్తే నూట ముప్పై తొమ్మిది. ముప్పై ఒకటి ఉండాల్సిన హద్దే ఇరవై ఎనిమిదికి దిగింది. హద్దు తగ్గింది పదో వంతే అయినా, బయటి వైపు ఒత్తిడి కూడా పెరగడంతో ఇంత చిన్న టర్బైన్‌కు ఆ దెబ్బ ఐదో వంతు కరెంటంత. వాడు పోగొట్టుకున్నది కూడా సరిగ్గా అంతే.

మా వాడు కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా బొమ్మ దగ్గరికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. బాయిలర్ మనిషి పార పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

"ఇది డ్రయ్యరా?" అన్నాడు చివరికి.

"అవు సేటు."

"డ్రయ్యర్ గిట్లుంటదా? అగ్గిపెట్టె లెక్కుంది."

"నాకు బొమ్మలు రావు సేటు."

"ఆవిరి గట్టిగియ్యమన్నది నేనేనా?"

బాయిలర్ మనిషి జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంలో ఎంత మర్యాద ఉందో మా వాడికి అర్థమైందనే అనుకుంటున్నాను. వాడు గేజీని చూశాడు, గోడను చూశాడు, నన్ను మాత్రం చూడలేదు.

"ఒకటికి దించితే వడ్లు ఆరయా?"

"ఆరుతయ్ సేటు. రెండు గంటలు ఎక్కువ పడతది."

"పడనియ్యి."

అతను పార కింద పెట్టి, వాల్వు దగ్గరికి పోయి కొంచెం కొంచెంగా తిప్పాడు. ముల్లు మెల్లగా దిగింది. టర్బైన్ చప్పుడు మారింది. నా చెవికే తెలిసింది, అతనికి తెలియకుండా ఉంటుందా. ముల్లు ఒకటి దగ్గర నిలిచాక, జేబులోంచి బొగ్గు ముక్క తీసి గోడ మీద ఒకటి వేశాడు.

మా వాడు గుమ్మం దాకా పోయి ఆగాడు. "నీ బర్రె ఈనిందంట గదా. జున్ను పాలు రాలే ఇంకా," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. ఆ మాట వాడికి చెప్పింది నేనే, అంతకుముందు సాయంత్రం.

"తెస్త సేటు," అన్నాడు బాయిలర్ మనిషి.

అంతకుమించి ఏమీ జరగలేదు. క్షమించమని వాడు అడగలేదు, అడుగుతాడని నేనూ అనుకోలేదు. నెలాఖరుకు పంపించేస్తానన్న మాట మళ్లీ రాలేదు. బస్సు దాకా దింపడానికి వస్తూ మా వాడు దారిలో, "మరి ఆ ముప్పై ఒకటి పెంచాల్నంటే?" అని అడిగాడు. పైన ఆవిరి ఇంకా వేడిగా ఉండాలి, దానికి బాయిలర్ మార్చాలి, లేదా కింద ఇంకా చల్లగా వదలాలి, అప్పుడు డ్రయ్యర్లకు సరిపోదు అని చెప్పాను. "అయితే గింతేనా?" అన్నాడు. ఇంతేనన్నాను. ఆ రెండు చివరలే హద్దు, మధ్యలో మనిషి చేయగలిగేది ఆ హద్దుకు కొంచెం దగ్గరవడం మాత్రమే.

దసరాకు మిల్లులో యంత్రాలకు పూజ చేస్తారు. దానికి ముందు గోడలన్నిటికీ సున్నం వేయిస్తారు. పూజకు పిలిస్తే వెళ్లాను. మిల్లంతా తెల్లగా మెరుస్తోంది. బాయిలర్ గది కూడా. గేజీ పక్కన మాత్రం నడుమెత్తు నుంచి తలెత్తు దాకా పాత గోడ మసితో అట్లాగే ఉంది. సున్నం దాని అంచుల దగ్గర తిన్నగా ఆగిపోయింది.

"ఇది వదిలేశారేంటి?" అన్నాను బాయిలర్ మనిషితో.

"సేటు నిలబడి చెప్పిండు సార్. గీడ బ్రష్ పెడితే చేతులు ఇరగ్గొడ్తనని."

కొత్త అంకెలకు చోటు చాలక అతను పక్కనున్న తెల్ల గోడ మీద మొదలుపెట్టాడు. అక్కడా ఒకట్లే.

ఇంటికొచ్చి ఆ రోజు డైరీ రాశాను. పైన రెండు అంకెలు వేశాను. తర్వాత పెట్టె తీసి, నేను రిపోర్టు ఇచ్చిన ఆ మే నెల డైరీ వెతికి పట్టుకున్నాను. "రిపోర్టు ఇచ్చితిని" అన్న ముక్క కింద ఖాళీ ఉంది. అక్కడ ఇన్నేళ్ల తర్వాత ఒక వాక్యం చేర్చాను. "అది ఆయన తప్పు కాదు, నీళ్లు వేడిగా ఉన్నాయి." తేదీ కూడా వేశాను, ఆ దసరా నాటిదే.